తొమ్మిదొందలకు పాడిన చీటీ

ఆళ్లగడ్డలో అంగడి శెట్టెమ్మ ఆడవాళ్లకని చీటీ మొదలుపెడుతోందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఇంటింటికీ పూలు అమ్మే అక్క. తొంభైల చివర్లో మాట. నంద్యాలలో ఒకాయన పాత కుట్టుమిషను రెండువేల ఐదొందలకు ఇస్తానన్నాడు. నెలాఖరు దాటితే ఇంకొకరికి అమ్మేస్తానన్నాడు. చీటీలో పదిమంది, నెలకు మనిషికి మూడొందలు. నేను రవికెలకు హుక్కులు కుట్టి కూడబెట్టిందానికి మా ఆయన కొంత కలిపితే చేరాను.

మొదటి పాట శెట్టెమ్మ ఇంటి నడవాలో. ఒకామె నూరు అంది, ఇంకొకామె రెన్నూరు అంది. నాకు తెలిసిన వేలంపాట ఒక్కటే, గుళ్లో అమ్మవారి కల్యాణం చీరది. అక్కడ ఎంత పెద్ద అంకె అంటే అంత పుణ్యం. అమ్మవారిని తలచుకుని, గొంతు సవరించుకుని, "తొమ్మిదొందలు" అన్నాను.

అందరి ముఖాలూ వెలిగిపోయాయి. నా భక్తికే అనుకున్నాను.

"ఒకటోసారి," అంది శెట్టెమ్మ, నన్ను వింతగా చూస్తూ. "ఏమ్మే, అంత అవసరమా? రెండువేల నూరుతో ఏం జేస్తావ్?"

"అదేందక్కా, మూడువేలు గదా వచ్చేది?"

"పాడింది నీ దాంట్లోనే పట్టుకుంటాం మే. ఆ తొమ్మిదొందలు పదిమందికీ పంచేది."

పూలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీ పున్నెమా అని తలా తొంభై! నెలనెలా ఈయమ్మనే పాడమనండి."

బడికి పోకపోయినా నాయన దగ్గర కూడికలూ తీసివేతలూ నేర్చినదాన్నే. ఆ తీసివేత నా మీదే పడుతుందని మాత్రం తెలియలేదు. పాడిన మాట వెనక్కి తీసుకోకూడదు. మిషను ఇక నంద్యాలలోనే ఉండిపోయిందనుకున్నాను.

"రెండోసారి," అని శెట్టెమ్మ బొడ్లోంచి ముక్కుపొడి డబ్బీ తీసింది. తీరిగ్గా చిటికెడు పీల్చి, ఇల్లదిరేలా తుమ్మింది.

"అయ్యో, తుమ్మొచ్చెనే! ఇంగ ఈ పాట చెల్లదు. అందరూ నీళ్లు తాగండి, మళ్లా మొదలుపెడదాం."

"నువ్వు కావాలనే పీలిస్తివి గదక్కా!" అంది పూలక్క.

"తుమ్ము నా చేతిలో ఉంటాదా? తుమ్ము మింద దుడ్లు ఇంటికి తీస్కపోతావా నువ్వు? పోతానంటే చెప్పు, ఇస్తా."

పూలక్కే ముందు నీళ్ల చెంబు అందుకుంది. చెంబు చేతులు మారుతుండగా శెట్టెమ్మ నా చెవిలో అంది: "నీ చేతికి ఎంత రావాల్నో ముందు అనుకో. ఆడికొస్తానే నోరు మూసుకో. బేగా కావాల్నంటే కొంత పోతాది, ఆగినోళ్లకే మిగిలేది."

మళ్లీ మొదలైన పాట మూడొందల యాభైకి వచ్చింది. నేను నాలుగొందలు అని పెదవులు బిగించాను. మూడోసారి పడింది, రెండువేల ఆరొందలు చేతికొచ్చాయి. మిషను బస్సు టాపు మీద ఆళ్లగడ్డ చేరింది.

తర్వాతి రోజుల్లో నెలనెలా కట్టుకోండమ్మా అంటూ టీవీలవాళ్లూ, అప్పులిచ్చేవాళ్లూ గుమ్మంలోకి వచ్చారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "మొత్తం ఎంత కడతాను నాయనా?" అని అడిగేదాన్ని. కొందరు మజ్జిగ సగంలోనే లేచారు. 

శెట్టెమ్మ ఇప్పుడు లేదు. నా రోజువారీ దణ్ణంలో ఆమెకు చోటుంది. చదివే తల్లులారా, అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు మీరూ ఒక్క క్షణం ఆమెను తలచుకోండి.