పొల్యూషన్ సుసన్న

ఇబ్రహీంపట్నం బస్టాండు దాటి సాగర్ రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే ఎడమచేతి వైపు ఒక పసుపు వ్యాను ఆగి ఉంటుంది. పదకొండేళ్లుగా అక్కడే ఉంది. బండ్ల పొగ పరీక్షించి కాగితం ఇచ్చే వ్యాను అది. లోపల కూర్చునే ఆమెను ఊళ్లో పొల్యూషన్ సుసన్న అంటారు. ఇందులో తిట్టేమీ లేదు. ఊళ్లో ఇంకా ఇద్దరు సుసన్నలున్నారు, ఒకామె బట్టలు కుడుతుంది, ఒకామె బడిలో చెబుతుంది. గుర్తు కోసం ఆ పేరు.

సుసన్న తల్లి మరియ ఊరి బయట గుట్ట దగ్గర సుత్తెతో కంకర కొట్టేది. తండ్రి తొందరగా పోయాడు. సుసన్న ఇంటర్ దాకా చదివింది. తమ్ముడు యోహాను పదో తరగతి తప్పి లారీ క్లీనరుగా ఎక్కాడు, కొన్నాళ్లకు డ్రైవరయ్యాడు, ఆ తర్వాత ఒక పాత టిప్పర్ సొంతం చేసుకున్నాడు. మరియ రాళ్లు కొట్టిన గుట్ట దగ్గర ఇప్పుడు క్రషర్ నడుస్తోంది. అక్కడే కంకర నింపుకుని కోహెడ, పెద్ద అంబర్‌పేట్ వైపు లేస్తున్న ఇళ్లకు తోలుతాడు యోహాను.

వ్యాను పెట్టిన కొత్తలో రోజుకు పది బండ్లు వస్తే గొప్ప. అందులో సగం నీలం పొగ కక్కే పాతవే. ఇప్పుడు అరవై దాకా వస్తాయి, చాలావరకు కొత్తవి, గొట్టం దగ్గర ముక్కు పెట్టినా వాసన రాదు. పెట్రోలు బండికి యంత్రం తెర మీద నాలుగు అంకెలు చూపిస్తుంది. మొదటి రెండింటికి సర్కారు హద్దు ఉంది. మూడోది కార్బన్ డయాక్సైడు, దానికి హద్దు లేదు. ఇంజన్ ఎంత బాగుంటే ఆ అంకె అంత పెద్దగా వస్తుంది. పదకొండేళ్లలో దాని గురించి సుసన్నను అడిగినవాళ్లు ఎవరూ లేరు. అందరూ అడిగేది ఒక్కటే, పాసైందా లేదా అని.

పోయిన ఎండాకాలం యోహాను టిప్పర్ వచ్చింది. డీజిల్ బండి కాబట్టి గొట్టంలో పొగ కొలిచే కడ్డీ పెట్టి, యాక్సిలరేటర్ తొక్కి ఇంజన్‌ను గట్టిగా లేపమంది సుసన్న. యోహాను లేపాడు. ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసుల మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు. పొగ చిక్కదనం అంకె అరవై అయిదు దాటకూడదు. ఎనభై ఒకటి వచ్చింది. ఇంకోసారి లేపమంది. ఎనభై మూడు వచ్చింది.

ఫెయిలైందని చెప్పి, ఆ అంకె అచ్చయిన చీటీ చేతికిచ్చింది. యోహాను నవ్వాడు. అక్క నవ్వలేదని చూసి నవ్వాపి, వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె ఉంటున్న ఇంటి స్లాబుకు కంకర తెచ్చింది ఈ బండేనని గుర్తుచేశాడు. అమ్మ కంటి ఆపరేషన్ కూడా ఈ బండి సంపాదన మీదే అయిందన్నాడు. రెండూ నిజమే. సుసన్న కాదనలేదు. అప్పుడు యోహాను మెల్లగా అన్నాడు.

"అమ్మ సుత్తెతోటి కొట్టినప్పుడు పొగ లేకుండె అక్కా. అన్నం గూడ లేకుండె."

వెనక ఆగిన ఆటో రెండుసార్లు హారన్ కొట్టింది.

"అవ్ రా," అంది సుసన్న. "లేకుండె. గని నీ బండి ఎనభై మూడు."

యోహాను చీటీ తీసుకుని పోయాడు. రెండు వారాలు ఫోన్ చేయలేదు. ఆదివారం చర్చిలో తల్లికి అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు కూర్చున్నారు. తమ్ముడు ఇంకెక్కడో కాగితం తెచ్చుకుని ఉంటాడనుకుంది సుసన్న. ఆ మాట పైకి అనలేదు గానీ, ఆ రెండు వారాలూ ఆమెకు అన్నం సయించలేదు.

మూడో వారం టిప్పర్ మళ్లీ వచ్చి వరుసలో నిలబడింది. శ్రీశైలం అనే మెకానిక్ దగ్గర డీజిల్ పంపు విప్పించి, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్పించానని చెప్పాడు యోహాను. ఈసారి నలభై నాలుగు వచ్చింది. సుసన్న కాగితం ఇచ్చింది. కాగితం చేతికిచ్చేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ ఎక్కువైందేమోనని అన్నాడు యోహాను.

బండి బాగైంది. డీజిల్ తక్కువ తాగుతోంది. గుట్ట ఎక్కేటప్పుడు ఆగడం లేదు. అందుకని యోహాను రోజుకు మూడు ట్రిప్పులు కొట్టేవాడు అయిదు కొడుతున్నాడు. దసరా నాటికి రెండో టిప్పర్ తెచ్చాడు. దాన్ని మొదట అక్క వ్యాను దగ్గరికే తీసుకొచ్చి కొబ్బరికాయ బదులు ప్రార్థన చేయించాడు.

ఆ రోజుల్లోనే నిషాత్ అనే అమ్మాయి వచ్చింది. దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతోంది. ఊరు బాగుపడితే పొగ ఎంత పెరుగుతుందన్నది ఆమె ప్రాజెక్టు. ఇన్నేళ్లలో పొగ తగ్గిందా, పెరిగిందా అని అడిగింది.

"బండికి తగ్గింది. ఊరికి పెరిగింది," అంది సుసన్న. తమ్ముడి టిప్పర్ సంగతి మొత్తం చెప్పింది.

నిషాత్ పుస్తకం తెరిచి ఒక గీత చూపించింది. దేశాల సంపాదనతో పాటు పొగ ఇట్లా పైకి పోయి, ఒక చోట వంగి కిందికి దిగుతుందట. కొన్ని దేశాల్లో దిగిందట.

"మనం యాడున్నం ఇండ్ల?"

నిషాత్ ఎక్కే వైపు వేలు పెట్టింది.

"మరి వంగుడు?"

"దానంతటదే వంగదక్కా. వంచాలంటరు మా సారు."

సుసన్న ఆ గీతను కాసేపు చూసింది. తర్వాత మూడో అంకె గురించి చెప్పింది. నిషాత్ దాన్ని రాసుకుంది. దాన్ని పట్టించుకుని రాసుకున్న మొదటి మనిషి ఆ పిల్లే.

మొన్న లాల్ మహమ్మద్ అనే ఆటో డ్రైవరు తన కొత్త బ్యాటరీ ఆటో తెచ్చి వరుసలో పెట్టాడు. కరెంటు బండికి ఈ కాగితం అవసరం లేదని సుసన్న చెప్పింది. అతను నమ్మలేదు, చెకింగ్‌లో అడిగితే ఏం చూపించాలన్నాడు. సుసన్న దిగి వచ్చి ఆటో వెనక వంగి చూసింది. కడ్డీ పెట్టడానికి చోటు లేదు. ఆ కరెంటులో చాలా భాగం బొగ్గు కాల్చి తీసేదేనని ఆమెకు తెలుసు. అయితే బొగ్గు ఇక్కడ కాలడం లేదు.

తెల్ల కాగితం మీద, 'ఈ బండికి పొగ గొట్టం లేదు. నేను చూసిన' అని రాసి సంతకం పెట్టింది. లాల్ మహమ్మద్ దాన్ని రెండుసార్లు చదువుకుని, లామినేషన్ చేయించడానికి బస్టాండు వైపు పోయాడు.