మా కోడలి గురించి వాళ్లు కోసేసిన మాట

మా కోడలు పోయింది. డెంగీ జ్వరం. ఇబ్రహీంపట్నం దవాఖాన నుంచి పట్నం దవాఖానకు తీసుకుపోయినా దక్కలేదు. మా చుట్టాలకు మేము కబురు పెట్టకముందే ఫోన్లు చెప్పేశాయి. దండ వేసిన ఆమె ఫొటో కింద ఏం రాశారో నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అన్నను పెళ్లాడిన జానపద గాయని ఇక లేరు, అని రాశారు.

అన్న కాదు. నా కొడుకు. ఆమె నా సొంత చెల్లెలి బిడ్డ. మాటలొచ్చిన నాటి నుంచి నన్ను మామా అనే పిలిచింది. ఇది లోకానికి చెప్పమని ఏళ్ల నుంచి అడుగుతున్నాను. నేనే కెమెరా ముందు నిలబడి చెప్పాను కూడా. ఆమె పాటలు తీసిన ఛానల్ వాళ్లు నా మాట కోసేశారు. ఆ కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతనైనట్టు రాస్తాను.

మాది చేపలు పట్టే ఇల్లు. మగవాళ్లం చెరువులో వల వేస్తాం, ఆడవాళ్లు మార్కెట్లో అమ్ముతారు. మా కోడలు కత్తిపీట ముందు కూర్చుని పొలుసు గీకుతూ పాడేది. చరణం మధ్యలో ఉంటే చేప కోసేది కాదు.

"జర ఆగు అక్కా, గీ చరణం ఒడవనీ" అనేది.

"నేను చేపకొచ్చిన్నే, కచేరికి రాలే" అని కొనేవాళ్లు దెప్పేవాళ్లు.

"కచేరి ముఫత్ అక్కా. చేపకే పైసలు."

అట్లా పాడుతుంటే ఎవరో ఫోన్లో పట్టి అందరికీ పంపారు. కొన్నాళ్లకు పాటల ఛానల్ నడిపే ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చాయ్ తాగాడు, గొంతు మస్తుగుందన్నాడు. తర్వాత ఆమె కాళ్ల వంక చూశాడు. మెట్టెలున్నాయి.

"పెండ్లయిందా అమ్మా?"

"అయింది సార్. బిడ్డ గూడ ఉంది."

"గది బయట చెప్పకున్రి. పెండ్లిగాని పిల్ల పాడితే చూసే తీరు వేరుంటది."

"గొంతుకు పెండ్లేంది సార్?" అన్నాడు నా కొడుకు.

"చూసెటోళ్లకు గొంతొక్కటే సరిపోదు తమ్మీ" అని ఆయన నవ్వాడు.

ఆమెకు పాడాలని ఉంది. నా కొడుకు కాదనలేదు. అక్కడి నుంచి మొదలైంది.

చేపల పిల్ల అంటే ఎవరూ చూడరని, తుక్కుగూడ దగ్గర ఒక వరి చేనులో నిలబెట్టి చేతికి కొడవలి ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ఆమె వరి కోసింది లేదు. "కొడవలి తిప్పి పట్టుకున్నవ్ బిడ్డా" అన్నాను. "చూసెటోళ్లు గూడ కోసినోళ్లు కాదు తీయ్ మామా" అంది. ఆ పాట ఊళ్లూళ్లు తిరిగింది. మీర్‌పేట కాలనీల్లో పెళ్లి బరాత్ పోతే అదే పాట.

షూటింగులకు తోడు నేనే పోయేవాణ్ని. కెమెరా పెట్టేముందు ఆమె పుస్తెలతాడు, మెట్టెలు తీసి నా చేతిలో పెట్టి "పైలం మామా" అనేది. అంగీ లోపలి జేబులో వేసుకుని కూర్చునేవాణ్ని. షూటింగ్ అయిపోగానే ఎంత దప్పికైనా ముందు మెట్టెలు తొడుక్కునేది, తర్వాతే మంచినీళ్లు ముట్టేది. ఒకసారి ఎండకు కళ్లు తిరుగుతుంటే, నీళ్లు తాగి తొడుక్కోమని కోప్పడ్డాను. "గొంతు నాది, మొఖం వాళ్లది మామా. కాళ్లన్న నాయి గానియ్యి" అంది.

నేనెవరని జనం అడిగితే ఛానలాయన "ఆమె చిన్నబాపు" అని, అంటే నాన్న తమ్ముడినని చెప్పడం మొదలుపెట్టాడు. నేను మామనని అడ్డం పడ్డాను. భుజం తట్టి "అన్నీ ఒకటే తాతా" అన్నాడు. ఒకటి కాదు. అందరినీ అంకుల్ అనే చోట ఒకటేనేమో. మన దగ్గర మామ కొడుకు మొగుడవుతాడు, చిన్నబాపు కొడుకు అన్నవుతాడు. ఆమెకూ నన్ను చిన్నబాపు అనడానికి నోరు రాలేదు. కెమెరా ఉన్నంతసేపు నన్ను ఏ వరుసా పెట్టి పిలిచేది కాదు. పిలవాల్సి వస్తే దగ్గేది. నేను తలెత్తి చూసేవాణ్ని.

ఒక ఏడు వినాయకుడి నిమజ్జనం రోజు మొగుడూ పెళ్లాలు బాలాపూర్ లడ్డూ వేలం చూడబోయారు. మొఖానికి చున్నీ కట్టుకునే పోయింది. తొక్కులాటలో అది జారింది. పడిపోతుందని నా కొడుకు భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఎవరో ఫొటో తీశారు. పొద్దుగూకేసరికి ఫోన్లన్నిట్లో ఒకటే ప్రశ్న, వీడెవడని.

ఛానలాయన ఆమెను మీర్‌పేటలో ఆఫీసుకు పిలిపించాడు. ఏం చెప్పాలో ముందే నేర్పించాడు. లైట్లు వేసి అడిగితే ఆమె చానాసేపు దగ్గింది. తర్వాత "మా చిన్నబాపు కొడుకు, అన్న" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొఖం నేను చూశాను. నాకు ఆగలేదు. లేచిపోయి లైటు ముందు నిలబడ్డాను.

"అన్న గాదు. నేను దీని మామను. ఆడు నా కొడుకు, దీని మొగడు. మాకు మనుమరాలు గూడ ఉంది. దొంగతనం జేసినమా దాసుకుంటానికి?"

మా కోడలు తల దించుకునే నవ్వింది. పెద్ద బరువు దించిన మనిషిలాగా నవ్వింది. ఛానలాయన నా దగ్గరికొచ్చి "మంచిగ జెప్పినవ్ తాతా, గిది గూడ పెడ్తం" అన్నాడు.

పెట్టలేదు. తెల్లారి వీడియోలో నేను లేను. ఆమె "అన్న" అని చెప్పిన మాట ఒక్కటే ఉంది.

ఇంకొన్నాళ్లకు వాళ్ల పెళ్లి ఫొటో ఎవరి చేతికో చిక్కింది. అన్న అని ఆమె నోటితోనే చెప్పింది, పక్కన పెళ్లి ఫొటో ఉంది. జనం రెండూ కలిపారు. ఇంక చెప్పేదేముంది. పాటలు ఆగిపోయాయి. ఛానలాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

అప్పుడు నా కొడుకుకు కోపం రావాలని నేను చూశాను. రాలేదు. "గది దాని మాట గాదు బాపూ. దాని నోట్ల వెట్టిన మాట" అన్నాడు.

ఆమె మళ్లీ మార్కెట్లో కూర్చుంది. చూసిపోవడానికే వచ్చేవాళ్లు కొందరు. ఒకామె వంగి మరీ చూసి "నువ్వు గా పాటల పిల్లవే గదా?" అంది. "చేపల పిల్లనక్కా. కిలో తూకమెయ్యాల్నా?" అంది మా కోడలు. ఫోన్లో వచ్చే తిట్లు చదివి వాటికి బాణీ కట్టి పాడేది. మార్కెట్లో ఆడవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. "తాళంల పడితే తిట్టు గూడ గుచ్చదు మామా" అనేది. ఒకరోజు ఒక తిట్టు చదివి పాడలేదు. ఫోన్ కొంగుతో తుడిచి గోనె కింద పెట్టేసింది. ఏమిటని అడిగితే బిడ్డ మీద రాశారంది.

మనుమరాలు బడి నుంచి వచ్చి నన్ను అడిగింది. "తాతా, బాపు నాకు బాపునా, మేనమామనా? పోరగాళ్లు మేనమామంటున్నరు." మా కోడలు నల్లా దగ్గర బిందెలో నీళ్లు పడుతోంది. విన్నది. బిందె నిండి పొర్లుతున్నా అట్లాగే నిలబడింది.

మర్నాడు నన్ను తోలుకుని మీర్‌పేట పోయింది. "సార్, నాకు పాట ఒద్దు, పేరొద్దు. ఆ దినం మా మామ మాట్లాడింది ఒక్కటి పెట్టున్రి. నా బిడ్డకు జూపెట్టుకోవాలె" అంది. ఆయన తలెత్తకుండానే "ఉన్నదో తీసేసినమో, చూస్తనమ్మా" అన్నాడు. తర్వాత ఎప్పుడు అడిగినా అదే మాట. చూస్తా. చూస్తున్నా. పొద్దున లేస్తే ముందు ఫోన్ తీసి, పెట్టాడేమోనని చూసేది. అంత గొంతున్న మనిషి, ముసలివాడి నోటి నుంచి వచ్చిన నాలుగు మాటల కోసం ఎదురుచూసింది. పాటకని పోయిన పిల్ల పాట మరిచిపోయింది. నాకు అన్నిటికంటే అదే బాధ.

దవాఖానలో జ్వరం మీద కూడా అడిగింది. "మామా, చూసిండట్నా?"

"చూస్తుండు బిడ్డా" అన్నాను.

అయ్యా ఛానలాయనా, నీ పేరు రాయలేదు. నువ్వు చదువుతావని నాకు తెలుసు. పెత్రమాస వస్తోంది. పోయిన పెద్దల పేరు మీద మేము బియ్యం ఇచ్చే అమావాస్య. ఈసారి మా కోడలి పేరు కూడా కలుస్తుంది. విస్తరిలో బియ్యం, పప్పు, ఆమె ఇష్టంగా తినే బెండకాయలు పెట్టుకుని నా కొడుకు కూర్చుంటాడు. పక్కన బిడ్డ కూర్చుంటుంది. చుట్టూ వాడకట్టు జనం ఉంటారు, వాళ్ల చేతుల్లో ఫోన్లుంటాయి. అయ్యగారు పేరు అడుగుతాడు. తర్వాత ఆమె నీకేమవుతుందని అడుగుతాడు. నా కొడుకు అందరి ముందు చెప్పాలి.

ఆ ముక్క నీ దగ్గర ఉంటే ఆలోపల పెట్టు. లేకపోతే, "అన్న అని చెప్పమన్నది నేనే" అని నీ ఛానల్లో నీ నోటితో చెప్పు. రెండిట్లో ఏది చేస్తావో పెత్రమాస పొద్దుకు నాకు జవాబు కావాలి. చూస్తానన్న మాట మాత్రం చెప్పకు.