మూడు సంచులు విప్పించే మామ

మా మేనమామ గురువారం మధ్యాహ్నం పోయారు. డెబ్బై తొమ్మిదేళ్లు. అన్నం తిని, ఇంకాస్త మజ్జిగ పొయ్యమని అడిగి, అత్త గిన్నె తెచ్చేలోపే కుర్చీలో వెనక్కి వాలారు. బైపాస్ చేసిన గుండె పదకొండేళ్లు పనిచేసి ఆగింది.

ఆర్మూరు మార్కెట్ యార్డుకు పసుపు తెచ్చిన వారికి ఆయన తెలిసే ఉంటారు. అడ్తిదారు. రైతు సరుకును వేలం పాడించి వ్యాపారికి అప్పజెప్పడం ఆయన పని. వేలానికి ముందు ఒక పసుపు కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. బాగా ఎండిన కొమ్ము టక్కుమంటుంది. ఒక్క సంచితో ఆగేవారు కాదు. మూడు సంచులు విప్పించి, అడుగు నుంచి తీయించేవారు. వ్యాపారి తొందరపడితే, "జర ఆగు సేటూ, పసుపుకు కాళ్లున్నయా పారిపోనీకి?" అనేవారు. నందిపేట నుంచి షేర్ ఆటోలో వచ్చిన రైతులు ఆ మాటకు ప్రతిసారీ నవ్వేవాళ్లు.

నేను ముప్పై ఏళ్లుగా విలేకరిని. ఆ అలవాటు నాకు అబ్బలేదని ఆయన ఆపరేషన్ రోజున తెలిసింది.

హైదరాబాదులో పొద్దున బైపాస్ చేశారు. ఐసీయూ బయట నేనొక్కణ్నే ఉన్నాను. మోకాళ్ల నొప్పులతో అత్త ఆర్మూరులోనే ఉండిపోయింది. మధ్యాహ్నం రెండింటికి డాక్టరమ్మ వచ్చి, రక్తంలో లాక్టేట్ ఐదు దాటిందన్నారు. ఒంటికి ప్రాణవాయువు చాలనప్పుడు అది పెరుగుతుందట. రెండు లోపు ఉండాలట. పైనే ఉండిపోతే కోలుకోవడం కష్టమట. సాయంత్రం మళ్లీ చూస్తామని కూడా అన్నారు. ఆ చివరి మాట నేను రాసుకోలేదు. అంకె మాత్రం రాసుకున్నాను. అత్తకు ఫోన్ చేసి అదే చదివాను.

ఆ కబురు యార్డుకు పాకి, మామ దుకాణం ముందు వేలం ఆగిపోయింది. హమాలీలు సంచుల మీదే కూర్చుండిపోయారట. అత్త మోకాళ్ల సంగతి మరిచి కారెక్కింది.

సాయంత్రం ఆరింటికి లాక్టేట్ మూడున్నర. మర్నాడు పొద్దున ఒకటిన్నర.

"ఒక్క అంకె చూసి మేమేమీ చెప్పలేం సార్. పూటపూటకూ దిగుతోందా లేదా అని చూస్తాం. మీ పెద్దాయనకు దిగింది," అన్నారు డాక్టరమ్మ.

అత్త నా పక్కనే ఉంది. "గా మాట నిన్ననే అడగొద్దా అల్లుడా? పేరుకేమో పేపరోనివి," అంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

నాలుగో రోజు ఈ సంగతి మామకు చెప్పింది కూడా అత్తే. కుట్ల వల్ల నవ్వితే నొప్పి. అయినా నవ్వారు.

"ఒక్క కొమ్ము ఇరిచి సరుకు పాడైందన్నవా? యార్డుల గిట్ల జేస్తే రైతులు తంతరు."

"అంకె నిజమే మామా."

"కొమ్ము గూడ నిజమేరా. నువ్వు రెండో సంచి ఇప్పకపోతివి."

అప్పటి నుంచి ఏ లెక్కనూ రెండోసారి అడగకుండా అచ్చుకు పంపలేదు. డెస్కులో విసుక్కున్నారు. కొన్ని వార్తలు ఇతర పత్రికల కన్నా ఒక రోజు వెనకబడ్డాయి. సవరణలు మాత్రం తగ్గాయి.

ఆనాడు ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేశాక ఊరికి తీసుకొస్తుంటే, ఇల్లు ఇంకో రెండు సందుల దూరంలో ఉండగా మామ బండిని యార్డు వైపు తిప్పమన్నారు. డ్రైవర్ అత్త వైపు చూశాడు.

"పోనియ్యి. లేకుంటె గోడ దుంకి పోతడు," అంది అత్త.

కుట్లు కదలకుండా మామ ఛాతీకి దిండు అదుముకుని కారు దిగారు. హమాలీలు పసుపు కుప్పలు వదిలి వచ్చారు. కొందరు చెయ్యి పట్టుకున్నారు, కొందరు భుజం నిమిరారు. ఒకాయన వీపు మీద చెయ్యి వేసి తీయలేదు. దూరంగా ఉండండని నేను చెబుతూనే ఉన్నాను. మామతో సహా ఎవరూ వినలేదు.

ఇల్లు చేరేసరికి ఆయన తెల్ల చొక్కా నిండా పసుపు అరచేతులు. అత్త దాన్ని సబ్బు పెట్టకుండానే దండెం మీద వేసింది. గాలి వచ్చినప్పుడల్లా ఆ చేతులన్నీ కలిసి ఊగాయి.