ఇసోగాయి అన్న స్కేలు

కవాగుచి ఊరి ఇనుప ఫౌండ్రీల్లో చెక్క నమూనాలు చేసేవాళ్లలో ఇసోగాయి కిహాచి అంత మొండిఘటం ఇంకొకరు లేరు. అదే ఫౌండ్రీలో ఇరవై ఆరేళ్లు ఆ నమూనాల చుట్టూ ఇసుక దట్టించి, ఇనుము పోసే అచ్చులు చేసినదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన స్కేలు మీద మీటరు మామూలు మీటరుకన్నా ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ. పోసిన ఇనుము చల్లారితే ఆ మేరకు కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాను ముందే అంత పెద్దగా చెయ్యాలి.

"మామూలు స్కేలు బట్టలు కుట్టేవాళ్లకి, హత్సుయే" అని నాతో ఎగతాళిగా అనేవాడు.

తర్వాత ఆ మాయదారి యంత్రం వచ్చింది. దానికి నమూనా అక్కర్లేదు. కంప్యూటర్లో కొలతలిస్తే, కుంచించుకుపోయేది తనే కలుపుకుని, పొర మీద పొర ఇసుక పరిచి అచ్చు చేసేస్తుంది. చిన్న యజమాని ఉమెజావా రెండో యంత్రం కోసం నమూనాల షెడ్డు పడగొడతానన్నాడు.

ఇసోగాయి అన్న వెళ్లి తల వంచి నిలబడ్డాడు. "బాబూ, మీ నాన్నగారి కాలంనాటి నమూనాలు ఆరు వందలున్నాయందులో. నా బతుకంతా అక్కడే ఉంది."

ఉమెజావా కాస్త మెత్తబడ్డాడు. "పాత ప్రెస్సు యంత్రం కింది పీఠం పగిలింది, డ్రాయింగు లేదు. దాని కొలతలు మీరే తీయండి పెద్దాయనా, అచ్చు యంత్రం చేస్తుంది. కొత్త పీఠం సరిగ్గా కూర్చుందా, షెడ్డు జోలికి రాను. లేదంటే..."

"ఆ 'లేదంటే' అక్కర్లేదు బాబూ!"

కొలిచేటప్పుడు స్కేలు రెండో కొస పట్టుకున్నది నేనే. అలవాటు కొద్దీ ఆయన చేతికొచ్చింది ఆ స్కేలే. కొలుస్తున్నది పోసి చల్లారిన ఇనుము, దానికి కావలసింది మామూలు స్కేలు. "ఇదేనా అన్నా?" అని నా నోటిదాకా వచ్చింది. నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడికి నేను చెప్పేదేమిటని మింగేశాను. పైగా ఆ రోజు ఎంత హుషారుగా ఉన్నాడో!

"యంత్రానికి కళ్లు లేవే పిల్లా. దాని కళ్లు నేనే" అన్నాడు.

పొడుగు స్కేలుతో కొలిచినందుకు తక్కువగా వచ్చిన ఆ అంకెలే యంత్రానికి ఇచ్చారు. ఇనుము పోశారు, నాలుగు రోజులు చల్లార్చారు. రెండు మీటర్ల పీఠం పదహారు మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చింది, ఒక్క బోల్టూ రంధ్రంలోకి దిగలేదు. ఉమెజావా తిట్టి ఉంటే బాగుండేది. "ఇన్నాళ్లూ చాలా శ్రమపడ్డారు" అని వంగి నమస్కరించాడు. మా దగ్గర ఆ మాట అన్నారంటే ఇక ఇంటికి వెళ్లమనే.

మరుసటి వారం షెడ్డు పడగొట్టారు. నమూనాలను లారీలో ఊరి స్నానశాలలో నీళ్లు కాచే పొయ్యికి కట్టెలుగా తోలారు. ఇసోగాయి అన్న గేటు పక్కన ఆ స్కేలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

"నేను ముసలాణ్ణయ్యాను, ఏ స్కేలు పట్టుకున్నానో కనిపెట్టలేదు. నువ్వూ చూడలేదా హత్సుయే?"

"లేదన్నా."

"అంతేలే. చూసుంటే చెప్పేదానివి" అని నా భుజం తట్టాడు.