పాండు ఎందుకు లేవలేదంటే

పెళ్లాం పాడె లేస్తుంటే రాని మొగుడని మా వీధిలో పాండుకు పేరు. గద్వాలలో మగ్గాలు ఆగినా ఈ నోళ్లు మాత్రం ఆగవు. చీరలో ఒక్క పోగు తప్పితే పట్టేసే కళ్లు, మనిషి దగ్గరికి వచ్చేసరికి మూసుకుపోతాయి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు దవాఖానలో ఉన్నదాన్ని నేను, అందుకే చెబుతున్నాను.

పాండు వాళ్లది మా పక్కిల్లు. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. గద్వాల చీర ఒక్కరితో అయ్యే పని కాదు. నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ కలిసే చోట పక్కన ఇంకొకరు కూర్చుని పోగు నడిపే నాడె అందించాలి. పాండు పక్కన వాడి పెళ్లాం నాగమణి కూర్చునేది. పెళ్లయి ఏళ్లు గడిచినా వాళ్లకు పిల్లలు కలగలేదు. “మాకు చీరలే పుడ్తున్నయి అక్కా” అని నవ్వేది.

చివరికి దేవుడు కళ్లు తెరిచాడనుకున్నాం. నెల తప్పింది. ఏడో నెల నడుస్తుండగా మగ్గం దగ్గరే తల పట్టుకుని కూలబడింది. బీపీ ఎక్కి ఫిట్స్ వచ్చాయి. దవాఖానకు తీసుకుపోతే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత పిల్ల. నాగమణికి మాత్రం తెలివి రాలేదు. ఆమెను పై అంతస్తులో, బిడ్డను కింద పసిపిల్లల వార్డులో పెట్టారు.

పిల్ల ముక్కుకు గొట్టం పెట్టి మిషన్‌తో గాలి ఊదుతున్నారు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా అట. అక్కడి నర్సు తేజస్విని మంచి పిల్ల, అడిగినదానికి విసుక్కోకుండా చెప్పేది. “నెలలు నిండలేదు గదా అక్కా, నిద్రల ఊపిరి తీసుడు మర్చిపోతరు. గప్పుడు మిషన్ మొత్తుకుంటది. మేం ఉరికొచ్చి అరికాలు గీకుతం, మల్ల యాదికొస్తది.” ఊపిరి తీయడం కూడా మరిచిపోతారా అని నేను ముక్కున వేలేసుకున్నాను.

మిషన్ తీసి చూద్దామని డాక్టరు ప్రయత్నించారు. మేలుకున్నంతసేపూ బాగానే ఉండేది. ఉయ్యాలలో కన్ను మూతపడిందో లేదో ఊపిరి ఆగేది, పెదవులు నీలంగా మారేవి, మళ్లీ గొట్టం పెట్టేవారు. తల్లి ఒంటికి ఆనించి పడుకోబెడితే నిద్ర బాగా పడుతుంది, ఊపిరి నిలకడగా ఉంటుంది అన్నారు. తల్లా, పైన కన్ను తెరవడం లేదు. పాండు తల్లి జములమ్మకు దగ్గు, లోపలికి రానివ్వలేదు. నాకు చేతిమీద పుండు ఉందని నన్నూ వద్దన్నారు, గుమ్మం దగ్గర నిలబడి చూడమన్నారు. ఇక మిగిలింది పాండే.

చొక్కా విప్పమంటే పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. పిల్లను వాడి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, పైన గుడ్డ చుట్టి, వెనక్కి వాలిన కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్ల కాసేపు చీమలా కదిలి, అట్లాగే నిద్రపోయింది. మిషన్ మొత్తుకోలేదు. “జర కదలకు అన్నా,” అంది తేజస్విని. “నీ ఛాతి మెల్లగ ఎగుస్తుంటే తనూ గట్లనే తీస్తది. ఉలిక్కిపడి లేస్తే కష్టం.” అది వినగానే పాండుకు కళ్ల నీళ్లు తిరిగాయి. వాడు మామూలుగానే ఏడుపుగొట్టు, ఎవరి పిల్లను అత్తింటికి పంపినా తల్లికంటే ముందు వీడే ఏడ్చేవాడు. ఏడిస్తే ఛాతీ అదిరి పిల్ల లేస్తుందని తేజస్విని వేలు చూపించింది. వాడు గుటక మింగేశాడు.

మరునాడు కూడా అట్లాగే పడుకోబెట్టారు. ఆ తర్వాతి రోజు డాక్టరు, నాన్న ఛాతీ మీదే ఉంచి మిషన్ తీసేద్దామన్నారు. గొట్టం లేకుండా ఒక్క నిద్ర నిండా పోతే చాలు, పిల్ల దక్కినట్టే. ఈసారీ ఊపిరి ఆగితే హైదరాబాద్ పంపాలి. అంత దారి తట్టుకుంటుందా అని పాండు అడిగితే, ముందు ఈ నిద్ర గడవనీ అన్నారాయన.

గొట్టం తీశారు. పిల్ల నిద్రలోకి జారింది. సరిగ్గా అప్పుడే పైన నాగమణి పోయింది.

చెప్పే పని నా నెత్తిన పడింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. నేను నోరు తెరవకముందే వాడికి అర్థమైంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. పళ్ల మధ్య పెదవి నలిగి నెత్తురు వచ్చింది. కానీ ఆ ఛాతీ మాత్రం మెల్లగా లేచి మెల్లగా దిగుతూనే ఉంది. నేను తట్టుకోలేక గోడవైపు తిరిగాను.

“అన్నా, పాపను ఉయ్యాలల పండవెడ్త, నువ్వు పో,” అంది తేజస్విని.

“దించితే మర్చిపోతది,” అన్నాడు పాండు గొంతు లేకుండా.

నాగమణి తమ్ముడు శివశంకర్ వచ్చాడు. వాడి బాధ వాడిది. “బావా, పొద్దుగూకకముందే తీయాలె. కొరివి వెట్టేటోనివి నువ్వే, గిట్ల కూసుంటే ఎట్ల?”

“నువ్వు వెట్టు శంకర్. మీ అక్క నన్నేమనదు.”

“మా అక్క ఏమనదు. నేనంట,” అని తిట్టి వెళ్లిపోయాడు. మైలతో బిడ్డను ముట్టుకున్నాడని బయట జములమ్మ నెత్తి కొట్టుకుంది. ఎవరికి ఏమని సర్దిచెప్పను? చేతనైంది ఒక్కటే చేశాను. నాగమణి ఉన్న స్ట్రెచర్‌ను వార్డు అద్దాల తలుపు ముందు నుంచి తీసుకెళ్లమని దవాఖానవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. పాపం, ఒప్పుకున్నారు. ముఖం మీది గుడ్డ నేనే తీశాను. పాండు చూశాడు. అవతలికి వెళ్లేదాకా రెప్ప వేయలేదు. రెండు చేతులూ పిల్ల వీపు మీదే ఉన్నాయి.

నిద్ర నిండా పోయి, ఆకలికి లేచి, పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. వార్డంతా వినిపించేంత ఏడుపు. ఇక మిషన్ అక్కర్లేదన్నారు డాక్టరు. తేజస్విని పిల్లను అందుకుంది. అప్పటికి అక్కడ శివశంకర్ నాగమణికి కొరివి పెట్టేసి ఉంటాడు.

పాండు బయటికి వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పిపోయాయి. బల్ల మీద నా పక్కన కూర్చుని, లోపల పిల్ల లేస్తుందేమో అన్నట్టు మెల్లగా అడిగాడు.

“అక్కా, ఇగ ఏడ్వొచ్చునా?”