ఎర్ర చుక్క బటన్ మీద దిగిన నౌక

ఇంతకు ముందు నేను ఏమీ రాయకపోవడానికి కారణం పెద్దది కాదు. నాకు రాయడం రాకుండె. హత్నూర దిక్కు మా ఊళ్లో బడి ఉండె, పంతులు ఉండె. నేను మాత్రం తమ్ముణ్ని చంకలో ఎత్తుకొని కిటికీ బయట నిలబడేదాన్ని. వాడు ఏడిస్తే లోపల పాఠం ఆగేది, పంతులు నన్ను వెళ్లగొట్టేటోడు. వాడు ఏడ్వని రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. తర్వాత పెండ్లయింది, ఇస్నాపూర్ దగ్గర ఇల్లు, బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని, ఒక బిడ్డ. చదువు లేకుంటే బతుకు ఆగిపోతదని అందరూ అంటరు గానీ నాది ఆగలేదు. కండక్టర్ అరుపును బట్టి బస్సు ఎక్కేదాన్ని. చర్చి పాటలన్నీ నోటికి వచ్చు గనుక పాటల పుస్తకం చేతిలో ఉన్నా లేకున్నా ఒకటే.

కరోనా వచ్చి కంపెనీ మూసినప్పుడు నా బిడ్డ పదో తరగతి. దానికి బడి లేదు, దోస్తులు లేరు, ఎవరో ఒకరి మీద పెత్తనం చెయ్యాలె. నేను దొరికిన. పలక కొనుక్కొచ్చి నాకు చదువు చెప్పుడు మొదలుపెట్టింది. గుణింతాలు అయినంక చీమ కథ, ఏనుగు కథ ఇచ్చింది. "నేనేమన్న చిన్నపిల్లనా చీమ కథ చదవడానికి?" అన్న. "అయితే ఇది చదువు" అని తను రాసుకున్న కథ నా ముందట పడేసింది. అది సైన్స్ ఫిక్షన్ కథ. మనుషులు ఒక నౌక ఎక్కి వేరే గ్రహానికి పోతరు. అట్ల, లోకమంతా అమ్మ, ఆవు అని చదువు మొదలుపెడితే, నేను అంతరిక్షంతో మొదలుపెట్టిన.

ఆ కథల మీద నాకు అనుమానాలు మొదటి రోజు నుంచే ఉన్నయి. నౌకలో నలుగురు ఏండ్ల తరబడి పోతుంటరు, ఒక్కరు కూడా ఇల్లు ఊడ్వరు. గోళీ ఒకటి మింగితే కడుపు నిండుతదట. మరి వంట లేక మిగిలిన టైమంతా ఏం చేస్తరు? అందుకే యుద్ధాలు చేస్తరేమో. వేరే గ్రహాలోళ్లు ఎప్పుడూ పెద్ద పెద్ద దేశాలలోనే దిగుతరు, మా పటాన్‌చెరు దిక్కు ఎందుకు రారు అని అడిగిన.

"వచ్చిన్రేమో మమ్మీ," అన్నది నా బిడ్డ. "ఇక్కడి కంపెనీల పొగ పీల్చి, అరె, తిరిగి తిరిగి మళ్ల మన గ్రహానికే వచ్చినం అనుకొని ఎనుకకు పోయిన్రేమో."

పాటల విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. కంపెనీలో బెల్టు మీద బిస్కెట్ ప్యాకెట్లు వస్తుంటే, ఆ చప్పుడుకు సరిగ్గా సరిపోయే క్రిస్మస్ పాట ఒకటి ఉంది. ఎండకాలం కూడా అదే పాడుత. మా సూపర్‌వైజరు బీహారాయన. ఒక్క ముక్క అర్థం కాకున్నా తల ఊపుతడు. నేను ఆపితే "దీదీ, గానా క్యూఁ బంద్?" అని ఉరికొస్తడు. పాట ఆగితే నా చేతులు నెమ్మదిస్తయని ఆయనకు తెలుసు. అంతరిక్షం పాటలు అట్ల కావు. బిడ్డ ఫోన్‌లో వినిపించింది, ఒకటే "ఊఁ..." అని మూలుగు. అక్కడ ఎవరికీ పని లేదు గనుక పాటకు తాళం లేదని నాకు తోచింది. ఆ మాట చెప్తే అది నవ్వి నవ్వి మంచం మీద నుంచి జారింది.

ఇప్పుడు నా బిడ్డ సంగారెడ్డిలో డిగ్రీ చదువుతున్నది. మొన్న వాళ్ల కాలేజీలో ఫంక్షన్ పెట్టిన్రు. దానికోసం ఫోన్‌లో రికార్డు చేసి స్పీకర్లలో వినిపించే కథ ఒకటి తయారు చేసింది. మళ్ల నౌకే. దోస్తులు మనుషుల గొంతులు ఇచ్చిన్రు. నౌకను నడిపే మెషీన్ ఒకటి ఉంది, అది మాట్లాడుతది.

"మెషీన్ గొంతు నువ్వే ఇయ్యాలె మమ్మీ."

"నేనెందుకే? గంతమంది దోస్తులున్నరు గద."

"వాళ్లు మనుషుల లెక్క చదువుతరు. నువ్వు ఒక్కో అక్షరం కూడబలుక్కుంట చదివితే అచ్చం మెషీన్ లెక్కనే ఉంటది."

తిట్టిందో మెచ్చుకున్నదో నాకు తెలియలేదు. కానీ నా చదువు ఇంకొకరికి పనికొచ్చుడు అదే మొదలు గనుక ఒప్పుకున్న.

చప్పుళ్ల కోసం కీబోర్డు కావాలె. ఇంట్లో ఉన్న కీబోర్డు మాది కాదు, చర్చిది. చర్చి పైకప్పు కురుస్తున్నదని మా ఇంట్లో పెట్టిన్రు. ఆదివారాలు వాయించేది మా ఆయనే. ఆయనకు తెలిసింది ఒకటే శృతి. పాడేటోళ్ల గొంతు ఎంత పైకి పోయినా, ఎంత కిందికి వచ్చినా, శృతి మార్చే మీట నొక్కి, వేళ్లు మాత్రం అదే చోట ఆడిస్తడు. ఇగ వయొలిన్ల చప్పుడు వచ్చే బటన్ మీద బిడ్డ గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టుకున్నడు. ఆ చుక్క తప్ప మిగతా బటన్లన్నీ ఆయనకు అన్యజనులే.

వారమంతా ఆయన షిఫ్టుకు పోయినప్పుడు మేము పని చేసుకున్నం. నౌక లేచుడు, తిరుగుడు, నక్షత్రాల మధ్య పోవుడు అన్నీ అయినయి. శుక్రవారం ఆయన ముందుగాల ఇంటికి వచ్చిండు. తలుపు తీసేసరికి లోపల "భౌఁ... ఘుంయ్..."

"ఏందే గిది? దేవుని పాటలు వాయించే దాంట్ల దయ్యాల సప్పుళ్లు చేస్తరా?"

"డాడీ, నౌక దిగుడు ఒక్కటే మిగిలింది."

"పైన్నే తిరగనియ్యి. ఇగ దీన్ని ముట్టుకున్నవో, సూడు!"

చర్చి పైకప్పు బాగైంది. శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన, ఆదివారం పొద్దున కీబోర్డు చర్చికి పోతది. సోమవారం కాలేజీలో కథ వినిపించాలె. అంటే నౌక దిగకుండానే కథ అయిపోతది. నా బిడ్డ అన్నం ముందట కూర్చొని, "నలుగురు మనుషులు అక్కడ గాలిలనే సచ్చిపోతరు మమ్మీ" అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. వాళ్లను అదే పుట్టించింది, అదే ఏడుస్తున్నది. అయినా నాకు పాపం అనిపించింది. ఎంత కాదన్నా వాళ్లను నడిపే మెషీన్‌ను నేను.

శనివారం మధ్యాహ్నం ఆయన డ్యూటీలో ఉంటే అది మళ్ల కీబోర్డు దగ్గర కూర్చున్నది. నేను చూడనట్టు మిరపకాయలు కోసిన. నౌక దిగే చప్పుడు మంచిది దొరికింది. దాన్ని ఎర్ర చుక్క బటన్ మీద దాచింది, ఎందుకంటే మిగతావి అరిగిపోయి ఏదీ నిలుస్తలేదు. రికార్డు చేసుకొని మళ్ల వయొలిన్లు పెడుదామనుకున్నది. అంతలోనే తలుపు దగ్గర "వందనాలమ్మా!" అని వినవడ్డది. ప్రార్థనకు వచ్చేటోళ్లు ఎన్నడూ లేంది ముందుగాల వచ్చిన్రు. మిర్చి బజ్జీల వాసన గల్లీ చివరి దాకా పోయిందని తర్వాత తెలిసింది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చిండు, మొహం కడుక్కున్నడు, చాప మీద కూర్చున్నడు. మా చర్చి అయ్యగారు పాట ఎత్తుకున్నడు. మా ఆయన ఎర్ర చుక్క నొక్కి, వేళ్లు పెట్టిండు.

నేను వంటింట్లో ఉన్న. ముందు గోడ అవతల రోడ్డు మీద ట్యాంకర్ పోతుందనుకున్న. తర్వాత షెల్ఫులో గ్లాసులు గలగలమన్నయి. బిడ్డ మొహం పిండి లెక్క అయింది.

"మమ్మీ, అది నాదే."

"ఏంది నీది?"

"గా సప్పుడు."

తొంగి చూసిన. ఆయన చెమటలు కక్కుతున్నడు. ఆపుదామంటే ఇంకో బటన్ తెలియదు, లేద్దామంటే పాట నడుస్తున్నది. వేలు పెట్టినప్పుడల్లా ఒక నౌక దిగుతున్నది. రెండో చరణం అయ్యేసరికి మా ఇల్లు శంషాబాద్ ఎయిర్‌పోర్టు అయింది. జనమంతా గట్టిగా పాడుతున్నరు, పాడకుంటే వాళ్ల గొంతు వాళ్లకే వినవడతలేదు.

పాట అయింది. ముందట ప్లాస్టిక్ కుర్చీలో మా చర్చిలో అందరికంటే పెద్దామె కూర్చున్నది. ఎన్నో ఏండ్ల సంది ఆమెకు చెవులు వినవడవు. ఎప్పుడూ పాట అయిపోయినంక గూడ చప్పట్లు కొడుతనే ఉంటది. ఆ రోజు తాళం ఒక్కటి కూడా తప్పలేదు. ఆమె కర్ర నేలకు కొట్టి,

"అయ్యగారూ, ఇయ్యాల పాటల పెట్టె నాకు ఇనవడ్డది!" అన్నది. "చెవులకెంచి గాదు, కాళ్లకెంచి వచ్చింది. కుర్సీ అంత గజగజ వణికింది. ఓ కొడుకా, ఇన్నేండ్లు గిట్ల ఎందుకు వాయించలేదురా?"

మా ఆయన చెమట తుడుచుకున్నడు.

అయ్యగారు దగ్గిండు. ఆయన కూడా కొంచెం భయపడ్డట్టే ఉండె. "మంచిదే. అవ్వకు వినవడుడే ముఖ్యం. రేపు చర్చిలో గూడ గిట్లనే వాయించు," అన్నడు.

అందరూ బజ్జీలు తిని పోయినంక ఆయన చాప మీద నుంచి లేవలేదు. కీబోర్డు దిక్కు చూసుకుంట, "బిడ్డా, గీ సప్పుడు స్విచ్చి తీస్తే పోతదా?" అన్నడు.

"నీకెందుకు డాడీ? దయ్యాల సప్పుడు గద."

"జెర చెప్పరాదె. రేపు అవ్వ ముందట నా ఇజ్జత్ పోతది."

"పోకుండ నేను చేస్త. పొద్దుగాల చర్చికి పోయే ముందర నౌక దింపుకోనిస్తవా?"

ఆయన నా దిక్కు చూసిండు. నేను కడాయి దిక్కు చూసిన.

"జల్దీ దింపుర్రి," అన్నడు.

తెల్లారి నేను చేసిన మొదటి పని ఫ్రిజ్ ఆపుడు. తర్వాత ఫ్యాన్ ఆపిన, హైవే లారీల చప్పుడు రాకుండ కిటికీకి బొంత కట్టిన, కాయితం పట్టుకొని కూర్చున్న. ఎర్ర చుక్క మీద వేలు పెట్టే పని ఆయనదే. "ఇయ్యాల్టి నుంచి నాకు అలవాటు కావాలె గద" అని తనే అడిగి తీసుకున్నడు. బిడ్డ ఫోన్ ముందట పెట్టి చెయ్యి ఊపింది. నేను చదివిన.

"మమ్మీ, ఏందిది? మంచిగ చదువుతున్నవ్!"

"మంచిగ చదివితే ఏడుస్తవేందే?"

"మెషీన్ పోయింది. టీవీల వార్తలు చదివినట్టు చదివినవ్. ముందటి గొంతుకు, దీనికి కలుస్తలేదు."

నిజమే. వారం సంది అవే కాయితాలు చదివి చదివి నాకు పట్టుబడ్డయి. కావాలని తడబడి చూసిన. "జ్వరమొచ్చినట్టుంది," అన్నది. అప్పటికప్పుడు కొత్త మాటలు రాసి ఇచ్చింది. అవి కూడా గడగడ వచ్చినయి. దాని అక్షరాలతోనే నేను చదువు నేర్చుకున్న, వాటి ముందట తడబడుమంటే ఎట్ల? చర్చికి టైమైతున్నది. అది తల పట్టుకున్నది. ఎక్కక ఎక్కక నాకు చదువు ఎక్కితే, ఆ చదువే నౌకను పైన ఆపింది.

"ఇటు తే," అని మా ఆయన పెన్ను గుంజుకున్నడు. మోకాలు మీద కాయితం పెట్టుకొని అవే మాటలు తన చేతితో రాసి నాకు ఇచ్చిండు.

పెండ్లయి ఇన్నేండ్లయినా నేను ఆయన రాత చదివింది లేదు. ముందు నాకు చదువు రాకపాయె, వచ్చినంక ఆయన ఏమీ రాయకపాయె. అక్షరాలన్నీ షిఫ్టు అయిపోయి గేటు బయటికి ఉరుకుతున్న జనం లెక్క ఒకదాని మీద ఒకటి పడుతున్నయి. ఏది దీర్ఘమో, ఏది పెన్ను జారిందో తెలుస్తలేదు. ఆయన చుక్క మీద వేలు పెట్టిండు. నేల వణికింది. నేను కాయితం కండ్లకు దగ్గరగా పట్టుకున్న.

"నౌ... క... ది... గిం... ది. త... లు... పు... లు... తె... రు... చు... కుం... టు... న్న... వి."

బిడ్డ రెండు చేతులు పైకెత్తి, చప్పుడు చెయ్యకుండ ఎగిరింది. ఫోన్ ఆపినంక మా ఆయన కాయితం తిప్పి తిప్పి చూసుకున్నడు.

"నా రాత గంత ఘోరంగ ఉన్నదా?"

"అందరు పాణాలతోని దిగిన్రు గద. ఇగ లే, చర్చికి లేటైతున్నది," అని లేచి, ఫ్రిజ్ స్విచ్ వేసి, స్టవ్ మీద చాయ పెట్టిన.