లాభంతో మొదలైన కోరస్

మా మనవరాలు హరితకు ఇరవై ఆరేళ్లు. పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోతుంది, పాట మాటెత్తితే అన్నం మానేసి కూర్చుంటుంది. "నువ్వు పాడే ఆ సింఫొనిక్ మెటల్ అంటే ఏంటే?" అని అడిగాను. ఒకపక్క పిడుగుల్లాంటి గిటార్లు, డ్రమ్ములు, ఇంకోపక్క వయొలిన్లు, గుంపుగా పాడే గొంతులు ఉంటాయంది. విన్నాను. మొదటిసారి పిండిమరలో రాళ్లు పోసినట్టుంది. మూడోసారికి ఆ మోతలోంచి దాని గొంతు ఒక్కటే పైకి లేవడం తెలిసింది.

వాళ్ల బ్యాండు తొలి ఆల్బమ్‌లో తొమ్మిది పాటలు. ఎనిమిది అయిపోయాయి. చివరిదానికి గుంపు గొంతులు కావాలి. గిటార్ వాయించే జయకర్ కంప్యూటర్‌లో దొరికే గొంతులు పెట్టేద్దామన్నాడు. హరిత ఒప్పుకోలేదు. రెడ్డిగూడెంలోని మా మామిడి షెడ్డుకు, అక్కడ కాయలు ఏరే నాగమణిని, ఇంకో ఏడుగురు ఆడవాళ్లను పిలిపించింది. మర్నాటి నుంచి షెడ్డులోకి కాయ దిగుతుంది. ఉన్నది ఆ ఒక్క రోజే.

"నేను వేళ్లు చూపిస్తానండీ. నాలుగో వేలు లేచాక పాట ఎత్తండి," అన్నాడు జయకర్.

మొదటి వేలు లేచిందో లేదో నాగమణి "లాభం!" అని అరిచింది. మా వైపు కాయలు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ముప్ఫై ఏళ్ల అలవాటు ఆగుతుందా? ఐదుసార్లు రికార్డు చేశారు. ఐదుసార్లూ అంతే.

"కాసేపు నోరు మూసుకోవే నాగమణీ!" అన్నాను.

"మీరెప్పుడైనా మూసుకున్నారా అమ్మగారూ?" అంది.

జయకర్ వైర్లు పీకబోయాడు. "సాయంత్రమైపోతోంది హరితా. కంప్యూటర్ గొంతులైనా ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది. వైర్లు ముట్టుకోకు." మూలనున్న ఖాళీ ట్రేలు ముందుకు లాగింది. "పాటే మార్చేద్దాం. నాగమణి పిన్నీ, ట్రేలో కాయలు వేసేటప్పుడు ఎలా అంటావో అలాగే అను. గట్టిగా."

ఎనిమిది మందీ ఖాళీ ట్రేల ముందు నిలబడ్డారు. "లాభం... రెండు... మూడు..." రేకుల కప్పు అదిరింది. ఆ లెక్క మీదికి గిటార్, దాని పైకి హరిత గొంతు. అయిపోగానే హరిత "ఇంకోసారి" అంది. పొద్దుగూకేలోపు పదకొండుసార్లు పాడించింది.

జూన్‌లో ఆల్బమ్ వచ్చింది. పాడినవాళ్ల పేర్లలో ఆ ఎనిమిది మందివీ ఇంటిపేర్లతో సహా వేయించింది. "కోరస్ అని ఒక్క మాట వేస్తే చాలదా?" అన్నాడట జయకర్.

"నీ పేరు తీసేసి గిటార్ అని వేస్తే ఊరుకుంటావా?" అందట.